తుడవడమా? తుడిచిపెట్టడమా?

ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలకి మనం భయపడతాం గానీ, నిజానికి మనని ముప్పుతిప్పలు పెట్టేవి చిన్న మాటలే. బారెడు పొడుగు మాట ఎదురైతే నిఘంటువు తీస్తాం, అర్థం చూసుకుంటాం, గొడవ వదిలిపోతుంది. కానీ 'అప్', 'ఆఫ్', 'అవుట్' లాంటి పిల్లమాటలు వచ్చి ఒక మామూలు క్రియ పక్కన కూర్చున్నాయంటే, ఆ క్రియ మనం ఎరిగిన క్రియ కాకుండా పోతుంది. 'గివ్' అంటే ఇవ్వడం. 'గివ్ అప్' అంటే పైకెత్తి ఇవ్వడం కాదు, మానుకోవడం! ఇచ్చేదాన్ని మానుకునేదిగా మార్చేసిన ఘనత ఆ రెండక్షరాలది.

అలాంటి జంటల్లో ఒకదాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అది 'మాప్ అప్'. మాప్ అంటే మీకు చెప్పక్కర్లేదు. కర్రా, దాని చివర గుడ్డపీలికలూ. మన ఇళ్లలోకి వచ్చి 'మాప్ పెట్టడం' అనే తెలుగు పనిగా కూడా స్థిరపడిపోయింది. ఇంత ఇంటిమాట మీద సాహిత్యం పేజీలో విమర్శేమిటి అంటారేమో! ఇంటిమాట కనకనే. మన చేతిలో ఉండాల్సిన మాట ఎవరెవరి చేతుల్లోకో వెళ్లి ఏమేం పనులు చేస్తోందో మనం కాకపోతే ఎవరు చూస్తారు?

దీనికి నాలుగు అర్థాలు ముఖ్యమైనవి. ఒకటి, నేల మీద ఒలికినదాన్ని తుడిచేయడం. రెండు, కంచంలో మిగిలిన పులుసుని రొట్టెముక్కతో అద్దుకుని తినేయడం. మూడు, బజారులో ఎక్కువైన డబ్బుని లాగేసుకోవడం. నాలుగు, యుద్ధంలో ఓడిపోయిన పక్షంలో ఇంకా మిగిలి ఉన్నవాళ్లని పట్టుకోవడమో చంపడమో చేసి ఆ చోటుని ఖాళీ చెయ్యడం. పాలూ, పులుసూ, డబ్బూ, మనుషులూ! నాలుగింటినీ కలిపే దారం ఒక్కటే. అసలు పని అయిపోయింది, ఇది మిగిలింది, దీన్ని కూడా కానిచ్చేస్తే సరి.

ఆ 'కానిచ్చేయడం' అనే అర్థమంతా 'అప్' లో ఉంది. ఇక్కడ 'అప్' అంటే పైకి కాదు, సాంతం. మనకి ఇదేం వింత కాదు లెండి. ఇదే పని మన భాషలో 'వేయు' చేస్తుంది. 'పాలు తాగాడు' అంటే గ్లాసులో ఇంకా కాసిన్ని ఉండొచ్చు. 'తాగేశాడు' అంటే గ్లాసు బోర్లించుకోవచ్చు. 'తిన్నాను'కీ 'తినేశాను'కీ తేడా ఏ తెలుగుబిడ్డకీ బళ్లో నేర్పక్కర్లేదు. కాబట్టి 'మాప్ అప్' అంటే తుడిచేయడం. అనువాదం చేసేవాళ్లకి ఇంతవరకూ ఇబ్బందేం లేదు.

ఇబ్బంది మాటకి కాదు, పనికి. నేల తుడిచేవాళ్లని అడగండి, అది ఎప్పుడైనా 'సాంతం' అవుతుందేమో! మా ఇంట్లో పనిచేసే ఆవిడని "తుడవడం అయిపోయిందా?" అంటే "ఇయ్యాల్టికి అయిందమ్మా" అంటుంది. ఆ 'ఇయ్యాల్టికి' అన్న మాటలో ఉన్న నిజం 'అప్' లో లేదు. ఇంగ్లీషు వ్యాకరణం పని పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. గుమ్మంలో చెప్పులు విడవకుండా లోపలికొచ్చే మొదటి మనిషి ఆ సర్టిఫికెట్ని రద్దుచేస్తాడు. ఇంటిపనికి పూర్తికావడమనేది లేదు, ఒక పూటకి ఆగడమే ఉంది. అలాంటి పని పక్కన 'సాంతం' అనే తోకని తగిలించిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన గుడ్డ పిండి ఉండడు.

అసలీ మాప్ అనే మాట ఎక్కణ్నుంచి వచ్చిందంటే, లాటిన్‌లో 'మప్పా' అనే మాట నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువులు రాసేవాళ్ల ఊహ. మప్పా అంటే చేతిగుడ్డ, బల్లమీద పరిచే గుడ్డ. విచిత్రమేమిటంటే భూపటానికి వాడే 'మ్యాప్' కూడా ఆ మప్పా నుంచి వచ్చిందే. పూర్వం ప్రపంచపటాన్ని గుడ్డమీద గీసేవారు గనక ఆ పేరు. ఇందులో మాత్రం సందేహం లేదు. ఆ ఊహే నిజమైతే, ఒకే గుడ్డ రెండు పాయలుగా చిరిగిందన్నమాట. ఒక పీలిక రాజుగారి కొలువులో గోడకెక్కి మ్యాప్ అయింది. రెండోది పనిమనిషి చేతికొచ్చి మాప్ అయింది. ఆ గోడమీది గుడ్డ మీద గీతలు గీసేవాళ్లే తరవాతి రోజుల్లో ఈ నేలమీది గుడ్డ పేరు అరువు తీసుకున్నారు. ఆ సంగతికి వస్తాను.

ఇంగ్లండులో షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌లో ప్రతి అక్టోబరులోనూ 'మాప్' అనే సంత జరుగుతుంది. ఇప్పుడది రంగులరాట్నాలూ మిఠాయిలూ ఉండే తిరునాళ్లు. ఒకప్పుడు మాత్రం మనుషుల్ని పనికి కుదుర్చుకునే సంత. ఏ పని వచ్చినవాళ్లు ఆ పనికి గుర్తుగా ఏదో ఒకటి పట్టుకుని వరసగా నిలబడేవారు. గొర్రెలకాపరి అయితే ఉన్ని, బండివాడైతే కొరడాతాడు, ఇంటిపని చేసే అమ్మాయి అయితే మాప్. యజమానులు చూసుకుంటూ వచ్చి, నచ్చినవాళ్ల చేతిలో ఒక నాణెం పెడితే ఏడాదికి బేరం కుదిరినట్టు. అలా కుదిరాక ఆ ఇల్లు భరించలేనిదని తేలితే? దానికీ ఓ దారి ఉంది. కొద్దిరోజులకి అదే ఊళ్లో రెండో సంత. దానిపేరు 'రన్అవే మాప్', అంటే పారిపోయినవాళ్ల మాప్. మొదటి సంతలో కుదిరిన చోట ఇమడలేనివాళ్లు మళ్లీ వచ్చి నిలబడేవారు. మాప్ అనేది ఆ అమ్మాయికి చీపురుకట్ట లాంటి వస్తువు కాదు. అదే ఆమె పేరు, ఆమె చిరునామా, ఆమె అర్హతాపత్రం.

ఇంగ్లీషులో వస్తువు మనిషికి గుర్తయితే, స్పానిష్‌లో మనిషే వస్తువైపోయింది. స్పెయిన్‌లో ఆడవాళ్లు మోకాళ్లమీద కూర్చుని గుడ్డతో నేల తోమేవారు. అలా తోమే పనిమనిషిని 'ఫ్రెగోనా' అనేవారు. గౌరవంగా పిలిచే పిలుపేం కాదు. సెర్వాంటెస్ 1613లో అచ్చువేసిన కథల్లో ఒకదాని పేరులోనే ఈ ఫ్రెగోనా ఉంది. 1950లలో మాన్యుయెల్ హలోన్ అనే వైమానికదళ ఇంజనీరు కర్రకి పీలికలూ, బకెట్‌కి పిండే ఏర్పాటూ పెట్టి అక్కడి బజారులోకి తెచ్చాడు. మోకాళ్లమీద నుంచి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. మంచి పనే, కాదనను. దానికి స్థిరపడిన పేరేమిటో తెలుసా? ఫ్రెగోనా! మనిషి పేరు తీసి కర్రకి పెట్టేశారు. ఆ మాట వింటే ఇవాళ స్పెయిన్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కర్రే. మనిషి వెనకాల ఎక్కడో ఉంది.

మాప్ పట్టుకున్న స్త్రీల్లో ఇంగ్లీషు రాజకీయాల్లో చిరస్థాయిగా నిలిచిపోయిన ఆవిడ ఒకరున్నారు. ఆవిడే డేమ్ పార్టింగ్‌టన్. 1824 నవంబరులో సిడ్‌మత్ అనే సముద్రపుటూరిలో పెద్ద తుపాను వచ్చింది. అలలు ఇళ్లలోకి వచ్చేశాయి. 1831లో, రాజకీయ సంస్కరణల బిల్లుని ప్రభువుల సభ తోసిపుచ్చినప్పుడు సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడు టాంటన్‌లో ఓ సభలో మాట్లాడుతూ ఈవిడ కథ చెప్పాడు. అంత తుపానులోనూ ఆవిడ గుమ్మంలో నిలబడి అట్లాంటిక్ మహాసముద్రాన్ని మాప్‌తో వెనక్కి తోస్తూ ఉందట! ప్రభువుల సభవారు ప్రజల సంకల్పాన్ని ఆపబోవడం కూడా అలాంటిదే అన్నాడు. సభ పగలబడి నవ్వింది. మరుసటేడు, 1832లో, బిల్లు నెగ్గింది. అప్పట్నుంచి చేతకాని పట్టుదలకి ఆవిడ పేరు సామెతయింది.

ఉపన్యాసం గొప్పదే. సంస్కరణ న్యాయమైనదే. కానీ ఆ పోలిక ఎవరికి అన్యాయం చేసిందో చూడండి. ప్రభువుల సభ ప్రజల్ని ఆపాలని చూసింది తన అధికారం పోకుండా. పార్టింగ్‌టనమ్మ సముద్రాన్ని ఆపాలని ఎందుకు చూస్తుంది? ఆవిడ ఇంట్లోకి నీళ్లొచ్చాయి! బియ్యం తడుస్తాయి, పక్కబట్టలు తడుస్తాయి. చేతిలో ఉన్నది మాప్. దాంతోనే తోసింది. ఇంకేం చెయ్యమంటారు? బల్లమీద కూర్చుని అట్లాంటిక్ మీద ఉపన్యాసం చెప్పమంటారా? వరదలొచ్చిన ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా ఓ పార్టింగ్‌టనమ్మ కనిపిస్తుంది. నీళ్లు ఇంకా గుమ్మం దాటి వస్తూనే ఉంటాయి, ఆవిడ తోస్తూనే ఉంటుంది. నవ్వొచ్చే సంగతి ఇందులో ఏముందో నాకైతే అర్థం కాలేదు.

సరే, ఇప్పుడు మ్యాప్ గీసేవాళ్ల దగ్గరకి వద్దాం.

మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు కందకాల్లో ఉండి పోరాడేవారన్నది తెలిసిందే. 1916 జులై 1న సోమ్ నది దగ్గర బ్రిటిష్ సైన్యం దాడి మొదలుపెట్టింది. కొన్నిచోట్ల ముందువరస జర్మన్ కందకాలు దాటి ముందుకి వెళ్లిపోతే, నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లు బయటికొచ్చి వెనకనుంచి కాల్చారు. అందుకని ముందువరస వెనకాలే ఇంకో జట్టుని పంపే పద్ధతిని పట్టుదలగా అమలుచేశారు. ఆ జట్టు పని ఒక్కో కందకంలోకీ దిగి మిగిలినవాళ్లని బాంబులతో, కత్తులతో లేకుండా చెయ్యడం. వీళ్లకి పెట్టిన పేరు 'మాపర్స్ అప్'. తుడిచేసేవాళ్లు! ఫ్రెంచివాళ్లు కూడా తక్కువ తినలేదు. తమ జట్లకి 'కందకాలు శుభ్రంచేసేవాళ్లు' అని అర్థమొచ్చే పేరే పెట్టుకున్నారు. ప్రపంచంలో నాగరికులమని చెప్పుకునే రెండు జాతులు చీకట్లో మనిషిని పొడిచి చంపే పనికి పేరు కావాల్సొచ్చి, ఇంట్లో ఆడమనిషి చేసే పని దగ్గరకి వచ్చారు.

ఎందుకొచ్చారంటారు? ఆ మాటలో మూడు సౌకర్యాలున్నాయి. తుడిచేది మురికిని. కనక చచ్చినవాడు మురికి అయ్యాడు. మురికి ఉండకూడనిది. కనక తుడిచినవాడిది తప్పు కాదు, ఓ రకంగా మంచిపనే. మూడోది అన్నిటికన్నా చల్లగా పనిచేసేది. తుడవడం చిన్నపని. అసలు ఘనకార్యం అయిపోయాక మిగిలే చిల్లరపని. కనక అందులో జరిగినదాన్ని గురించి ఎవరూ అడగక్కర్లేదు.

ఈ మూడో సౌకర్యం వల్ల ఎంత దూరం పోవచ్చో చూడాలంటే ఫిలిప్పీన్స్‌లో లేటె దీవి కథ చాలు. 1944 అక్టోబరు 20న అమెరికన్లు అక్కడ దిగారు. జపాన్ సైన్యంతో హోరాహోరీ పోరాటం. క్రిస్‌మస్ వేళకి జనరల్ మెకార్థర్ దీవి చేజిక్కిందనీ, ఇంక మిగిలింది చిన్నాచితకా తుడుపుపనేననీ ప్రకటించాడు. పేపర్లలో వచ్చింది. జనం చప్పట్లు కొట్టి పేజీ తిప్పేశారు. ఆ తుడుపుపని జనరల్ ఐకెల్బర్గర్ నడిపే ఎనిమిదో సైన్యానికి అప్పగించారు. అది 1945 మే దాకా సాగింది! ఆ 'చిల్లరపని'లో చచ్చిపోయిన జపాన్ సైనికులు 20,000కు పైగా. అమెరికన్లూ పోయారు. పోయిన కుర్రాడి ఇంటికి వార్త వెళ్లేసరికి, ఆ ఊళ్లో అందరి లెక్కలోనూ లేటె యుద్ధం ఎప్పుడో అయిపోయింది.

ఐకెల్బర్గర్‌కి ఇది కడుపుమంట అయింది. 1950లో వచ్చిన తన యుద్ధజ్ఞాపకాల పుస్తకంలో ఆయన, ఇంకోసారి యుద్ధమంటూ వస్తే సైన్యమూ విలేకరులూ అందరూ ఈ మాటని తమ నోళ్లలోంచి తీసెయ్యాలని సలహా ఇచ్చాడు. ప్రాణం ఇవ్వడానికి అదేం సరిపోయే మాట కాదన్నాడు. ఒక మాట మీద ఇంతకన్నా కఠినమైన విమర్శ నేను ఏ పండితుడి దగ్గరా చదవలేదు. ఏ విశ్వవిద్యాలయంలోనో కూర్చుని రాసింది కాదది. ఆ మాటకింద తన మనుషుల్ని పోగొట్టుకున్నవాడు రాసింది.

అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి. జనరల్ గారి బాధ ప్రధానంగా తన సైనికులకి రావలసిన గౌరవం రాలేదని. చచ్చిన ఇరవైవేలమందిని మురికి కింద జమకట్టినందుకు కాదు. ఆడవాళ్ల పని పేరు పెడితే వీరుడి పని చిన్నదైపోయిందన్న దుగ్ధ కూడా అందులో కొంచెం ఉందేమోనని నా అనుమానం. అంతకు నాలుగేళ్ల ముందే, 1946లో, జార్జి ఆర్వెల్ రాజకీయాలకీ ఇంగ్లీషు భాషకీ ఉన్న చుట్టరికం గురించి ఒక వ్యాసం రాశాడు. ఊళ్లమీద బాంబులు వేసి 'శాంతిపరచడం' అని పేరు పెట్టే విద్యని అందులో బట్టబయలు చేశాడు. 'శాంతి' లాంటి పెద్దమాటలు అబద్ధమాడితే పట్టుకోవడం సులువు. మాప్ లాంటి పేదింటి మాట అబద్ధమాడితే పట్టుకోవడం కష్టం. దాని మొహం చూస్తే అనుమానమే రాదు.

ఇంగ్లీషువాళ్లని అని ఊరుకుంటే సరిపోదు, మన సంగతీ చూసుకోవాలి. మన పేపర్లు ఇలాంటి సాయుధ చర్యలకి వాడే మాట 'ఏరివేత'. ఏరడం ఎవరి పని? చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరేది ఎవరు? అదీ మన దగ్గర ఎత్తుకెళ్లిందే! అంతెందుకు, మగవాళ్ల తగాదాలన్నీ మన తెలుగులో అంట్లగిన్నెల దగ్గరే జరుగుతాయి. ప్రతిపక్షం మంత్రిగారిని 'కడిగేసింది'. విలేకరి అధికారిని 'దులిపేశాడు'. ఒకాయన ఇంకొకాయన్ని 'ఉతికి ఆరేశాడు'. ఎన్నికల్లో ఒక పార్టీ 'ఊడ్చేసింది', ఇంకోటి 'తుడిచిపెట్టుకుపోయింది'. కడగడం, దులపడం, ఉతకడం, ఊడవడం, తుడవడం! ఇంట్లో ఇందులో ఒక్కటీ చెయ్యమంటే చెయ్యనివాళ్లు వీధిలోకి వెళితే అన్నీ చేసేస్తారు.

మన మాటల్లో ఇంకో తమాషా ఉంది. ఇంగ్లీషు మాప్‌తో ఏ చుట్టరికమూ లేని 'మాపు' అనే క్రియ మనకి సొంతంగా ఉంది. బట్టలు మాపుకోవడమంటే మురికి చేసుకోవడం. అదే 'రూపు' పక్కన చేరితే 'రూపుమాపడం', అంటే ఆనవాలు లేకుండా చెయ్యడం. ఒకే క్రియ మురికి పట్టించేదీ, తుడిచేసేదీ కూడా. 'దారిద్ర్యాన్ని రూపుమాపుదాం' అంటే చేతులెత్తి దణ్ణం పెడదాం. అదే మాటని మనుషుల మీదకి తిప్పినప్పుడు మాత్రం ఆ రూపు ఎవరిదో అడగాలి. దారిద్ర్యానికి మొహం ఉండదు. మనిషికి ఉంటుంది.

తుడవడానికీ తుడిచిపెట్టడానికీ ఉన్న తేడా అదే. తుడిస్తే నేల మిగులుతుంది, దాని మీద మళ్లీ మనుషులు నడుస్తారు. తుడిచిపెడితే నడిచేవాళ్లే ఉండరు. ఒక చిన్న 'పెట్టు' చాటున ఎంత ఘోరం దాగుందో చూడండి.

ఈ అరువు వ్యవహారాన్ని తిరగతిప్పి, బాకీ వసూలు చేసిన రచయిత్రి ఒకావిడ ఉంది. వర్జీనియా వుల్ఫ్. ఆవిడ 1927లో రాసిన 'టు ది లైట్‌హౌస్' నవలలో మధ్యభాగం పదేళ్ల కాలాన్ని కొద్ది పేజీల్లో దాటిస్తుంది. స్కై దీవిలో సముద్రం ఒడ్డున రామ్సే కుటుంబంవారి వేసవి ఇల్లు. ఇంటివాళ్లు రావడం మానేశారు. ఇల్లు పాడుపడుతోంది. గోడలకి చెమ్మ, పుస్తకాలకి బూజు, తోటలో కలుపు. ఈ మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపోతుంది. ఇంటి ఇల్లాలు మిసెస్ రామ్సే చనిపోతుంది. కూతురు ప్రూ పురుటి సంబంధమైన జబ్బుతో పోతుంది. కొడుకు ఆండ్రూ ఫ్రాన్స్‌లో ఫిరంగిగుండు పేలుడులో ఇరవై ముప్ఫైమంది కుర్రాళ్లతోపాటు పోతాడు. ఈ మూడు చావుల్నీ వుల్ఫ్ బ్రాకెట్లలో పెట్టి, ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేస్తుంది. బ్రాకెట్ల బయట, పేజీలకి పేజీలు, ఉన్నది ఎవరనుకున్నారు? పనిమనిషి మిసెస్ మెక్‌నాబ్!

యుద్ధవార్తల్లో జనరల్స్ పెద్దక్షరాల్లో ఉంటారు, తుడిచేవాళ్లు అడుగున ఉంటారు. వుల్ఫ్ ఆ పత్రికని తలకిందులు చేసింది. యుద్ధం బ్రాకెట్లోకి పోయింది, మాప్ బకెట్లు బయటికొచ్చాయి. ఇంటివాళ్లు మళ్లీ వస్తున్నారని కబురు రాగానే మిసెస్ మెక్‌నాబ్, మిసెస్ బాస్ట్ అనే ఇంకో ముసలావిడతో కలిసి మూలుగుతూ, పాడుతూ ఆ ఇంటిని చావు నోట్లోంచి లాగుతుంది. అక్కడ వుల్ఫ్ వాడే మాటలు చూడాలి. కుళాయిలూ స్నానపుతొట్టీ బాగుచేయడాన్ని ఆవిడ జైత్రయాత్ర స్థాయిలో వర్ణిస్తుంది. బూజు పట్టిన పుస్తకాల వరసల మీద వాళ్లకి దొరికింది పాక్షిక విజయమేనంటుంది. సేనాపతులు చంపడానికి మాప్ అరువు తీసుకుంటే, ఈవిడ తోమడానికి విజయాన్ని అరువు తెచ్చింది. లెక్క సరిపోయింది.

ఇందులో నాకు మింగుడుపడనిదీ ఒకటి ఉంది. వుల్ఫ్ ఆ మిసెస్ మెక్‌నాబ్‌ని పళ్లూడిన, తూలుతూ నడిచే, బుద్ధి అంతగా లేని మనిషిగా చూపిస్తుంది. ఇంటికి ప్రాణం పోసేంత శక్తి ఆమె చేతులకి ఇచ్చి, తలకి ఏమీ ఇవ్వలేదు. పనిమనుషులతో వుల్ఫ్‌కి ఉన్న పేచీలు ఆవిడ డైరీల్లోనూ కనిపిస్తాయి. ఎంత గొప్ప రచయిత్రికైనా తన ఇంటి వంటగది గుమ్మం దాటడం కష్టమే కాబోలు!

అయినా ఆ నవలలో ఒకచోట వుల్ఫ్ ఆ గుమ్మం దాటింది. రోజుల తరబడి పనిచేసి, దుమ్ముగుడ్డలు దులిపి, తలుపులు తాళాలు వేసి ఆ ఆడవాళ్లు వెళ్లిపోయేటప్పుడు పని పూర్తయిందని ఒక చిన్నవాక్యం వస్తుంది. నవల చివరి పేజీలో, పదేళ్లుగా తేలని బొమ్మకి చిత్రకారిణి లిలీ బ్రిస్కో ఆఖరి గీత గీసినప్పుడు కూడా అదే వాక్యం, అవే మాటలతో మళ్లీ వస్తుంది. ఆఖరి గీత గురించి విమర్శకులు చాలా రాశారు. నాకు మాత్రం ఆ మొదటి 'పూర్తయింది' లేకపోతే రెండోది లేదనిపిస్తుంది. నేల తుడిచి, కుర్చీలు ఆరబెట్టి, ఇంటిని మనుషులకి తిరిగి ఇచ్చినవాళ్లు లేకపోతే లిలీ తన స్టాండు ఎక్కడ పెట్టుకుని బొమ్మ గీసేది? కళాకారిణికీ పనిమనిషికీ వుల్ఫ్ ఒకే ముగింపు వాక్యాన్ని సమంగా పంచింది. అది చాలు నాకు.

డబ్బు సంగతి చెప్పకుండా వదిలేస్తే అర్థాల్లో ఒకటి మిగిలిపోతుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాక జనం తమ దగ్గరున్న నోట్లన్నీ బ్యాంకుల్లో పోశారు. బ్యాంకుల దగ్గర డబ్బు పొంగిపోయింది. నవంబరు 26న రిజర్వు బ్యాంకు, సెప్టెంబరు 16 నుంచి నవంబరు 11 దాకా పెరిగిన డిపాజిట్లకి సమానమైన మొత్తాన్ని తన దగ్గర ఉంచమని బ్యాంకుల్ని ఆదేశించింది. ఎక్కువైన డబ్బుని రిజర్వు బ్యాంకు ఇలా లాగేసుకోవడాన్నే ఇంగ్లీషు పేపర్లు 'మాప్ అప్' అంటాయి. ఆర్థికశాస్త్రంలో అది సరైన మాటే. కానీ ఆ ఒలికిన డబ్బులో పోపులడబ్బా అడుగున, చీరల మడతల్లో, దేవుడి పటం వెనకాల ఉన్నది కూడా ఉంది కదా! మొగుడికి తెలియకుండా, కష్టకాలానికని దాచిన డబ్బు. అది ఎవరి నేలమీదా ఒలకలేదు. దాని చోటులో అది ఉంది. దాన్ని బయటికి రప్పించి, తరవాత తుడిచారు.

ఇంక కంచం మిగిలింది. రొట్టెముక్కతో పులుసు తుడుచుకు తినడాన్ని ఇటలీవాళ్లు ముద్దుగా 'స్కార్పెట్టా', అంటే చిన్ని చెప్పు, అంటారు. పెద్దమనుషుల విందులో అది మర్యాద కాదట, ఇంట్లో మాత్రం అందరూ చేస్తారట. మనకి ఇంతకన్నా గొప్పది ఉంది. వేసవిలో ఆవకాయ కలిపి జాడీకెత్తాక, కలిపిన పళ్లేనికి ఎర్రగా కారమూ ఆవపిండీ నూనే అంటుకుని ఉంటాయి. అందులో వేడన్నం పోసి, కాస్త నెయ్యి వేసి, ఆ అంచులూ మూలలూ అన్నంతో తుడిచి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో ముద్దలు పెట్టడం. జాడీలో ఉన్న ఆవకాయ ఏడాదంతా తింటాం, కానీ ఆ ముద్ద రుచి దానికి రాదు. ఇదీ మిగిలినదాన్ని తుడవడమే. ఇదీ సాంతం చెయ్యడమే. పళ్లెం అద్దంలా అవుతుంది. కానీ మిగిలింది మురికి అని ఇక్కడ ఎవరూ అనుకోలేదు. మిగిలిందే అన్నిటికన్నా విలువైనదనుకున్నారు.

నాలుగు అర్థాలున్న ఈ ఒక్క మాటని వద్దనక్కర్లేదు. ఐకెల్బర్గర్ గారిలా దాన్ని భాషలోంచి తీసెయ్యమని నేను అనను. మాటకేం పాపం తెలుసు! పొద్దున్న పేపర్లో 'మాప్ అప్' అనో, 'ఏరివేత' అనో, 'ప్రక్షాళన' అనో కనిపించినప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, అక్కడ మిగిలి ఉన్నది ఏమిటి? పాలా, డబ్బా, మనుషులా? రెండు, గుడ్డ ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ అడగడానికి సాహిత్య విమర్శ చదవక్కర్లేదు. చేటలో బియ్యం ఏరిన అనుభవం ఉంటే చాలు. ఏది రాయో, ఏది గింజో మన వేళ్లకి తెలుసు.